కాగితం మీద మొదటిసారి

మైథిలి ఏ రోజు ఏ వీధిలో ఉంటుందో ఊరందరికీ తెలియాలి. ఆమె ఉద్యోగమే అది. గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం. సోమవారం గర్భిణులకు పరీక్షలు, బుధవారం, శనివారం పిల్లలకు టీకాలు, మిగతా రోజుల్లో ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూడటం. నెల మొదట్లోనే ఆ నెల ఎక్కడెక్కడ తిరుగుతుందో పట్టిక రాసి హెల్త్ క్లినిక్ తలుపుకు అంటించాలి. పక్కన గోడ మీద నీలం రంగుతో ఆమె పేరు, ఫోన్ నంబరు. పురిటి నొప్పులొచ్చినా, టీకా వేసిన పిల్లకు జ్వరమొచ్చినా ఆ నంబరుకు ఎవరైనా చేయొచ్చు. ఆమె తీయాలి. తీయకపోతే మెమో.

ఆ పట్టికను నవీన్‌బాబు కూడా చదివాడు.

ఆ ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ నడుమ, హైవే దిగి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఉంది. పేరు రాయడం లేదు. రాయొద్దన్నది మైథిలి కాదు, ఆశా కార్యకర్త సువార్త. మిరప కోతలకు సువార్త ఇంటివాళ్లను పిలవాల్సింది నవీన్‌బాబు ఇంటివాళ్లే మరి.

మైథిలికి ఇరవై తొమ్మిదేళ్లు. జగ్గయ్యపేటలో తండ్రితో ఉంటుంది. తండ్రి బాలసుబ్రహ్మణ్యం రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. బ్రాహ్మణుడు కాబట్టి ఊళ్లవాళ్లకు పంతులుగారే. తల్లి లేదు. సచివాలయాల పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు ‘సూది మందుల ఉద్యోగం మనకెందుకు’ అన్న బంధువులు, జీతం చూశాక ఊరుకున్నారు. ఆమెకు మాత్రం ఆ పని మీద నిజంగానే ఇష్టం. ఏ ఇంట్లో ఎన్ని నెలల పిల్ల ఉందో రిజిస్టరు తెరవకుండా చెప్తుంది. పిల్లలు ఆమె స్కూటీ చప్పుడు వినగానే ‘సూదక్క, సూదక్క’ అని మంచాల కిందికి దూరతారు. సూది వేశాక ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చుని, ‘తిట్టు నన్ను, బాగా తిట్టు’ అంటుంది.

నవీన్‌బాబుకు ముప్పై ఒకటి. భవానీప్రసాద్ గారి ఏకైక కొడుకు. నలభై ఎకరాల పత్తి, మిరప. నందిగామలో పురుగుమందుల దుకాణం ఉంది కానీ అందులో కూర్చునేది జీతగాడు. మొదట నానమ్మను బీపీ చూపించడానికి తీసుకొచ్చాడు. మర్నాడు ఫోన్ చేశాడు.

“మేడం, మా నానమ్మకి బీపీ ఎంతుండాలండి?”

చెప్పింది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే వీలు ఆమెకు లేదు. మూడోరోజు “మాత్ర తిన్నాక వెయ్యాలా, తినకముందా?” వారం తిరిగేసరికి “మీరు తిన్నారా?” ఆ తర్వాత “ఇవాళ కొత్త హెల్మెట్టా? ఎర్రది మీకు బాగుంది.” ఆ ఉదయం ఆమె హెల్మెట్ పెట్టుకున్నది జగ్గయ్యపేట ఇంటి నుంచి హైవే దిగేదాకానే. అతను ఎక్కడ నిలబడి చూశాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

“నాకు ఇలాంటివి ఇష్టం లేదండి. నానమ్మగారి సంగతైతేనే చేయండి,” అని స్పష్టంగా చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మెసేజీ కూడా పెట్టింది. ఆ నంబరు బ్లాక్ చేస్తే కొత్త నంబరు, అదీ చేస్తే ఇంకొకటి. ఒకరోజు డ్యూటీ వేళల్లోనే అరవై మూడు ఫోన్లు వచ్చాయి. తెలియని నంబరని తీయకుండా ఉండలేదు, ఎవరికి నొప్పులొచ్చాయో ఏమో. తీస్తే అతనే. ఆ మధ్యాహ్నం విసిగిపోయి రెండు గంటలు ఫోన్ కట్టేసింది. సరిగ్గా అప్పుడే బీసీ కాలనీలో ఒకామెకు ఉమ్మనీరు పోయింది. అంబులెన్సు ఆలస్యంగా వెళ్లింది. తల్లీబిడ్డా దక్కారు. మైథిలికి మెమో వచ్చింది.

మెమోకు జవాబులో ‘ఫోన్ చార్జింగ్ అయిపోయింది’ అని రాసింది. నిజం రాస్తే ఆఫీసంతా చదువుతారని.

తర్వాత అతను దారి కాయడం మొదలెట్టాడు. టీకాల రోజు సువార్త చూస్తుండగానే అంగన్‌వాడీ ఎదురరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. ఎస్సీ కాలనీకి పోవాలంటే వాళ్ల పత్తిచేల మధ్య డొంకదారే గతి. అక్కడ బుల్లెట్ అడ్డంగా పెట్టేవాడు.

“మాట్లాడితే ఏం పోద్ది మేడం? రెండు ముక్కలు.”

“దారివ్వండి.”

“అబ్బో, పంతులుగారమ్మాయికి కోపం కూడా వస్తదే!”

ఆ డొంకలోకి పోవడం మానేసింది. రెండు బుధవారాలు కాలనీకి వెళ్లలేదు. తొమ్మిది మంది పసిపిల్లలకు అందాల్సిన టీకాలు అందలేదు. బీపీ మాత్రలు అయిపోయిన ఇద్దరు ముసలాళ్లు అవి లేకుండానే ఉండిపోయారు. ఒక మగవాడు ఒక ఆడపిల్ల వెంట పడటం వాళ్లిద్దరి గొడవ అనుకునే పెద్దమనుషులు ఈ లెక్క చూడాలి. దోమలు పెరిగితే ఊరంతా మందు కొట్టిస్తాం. నీళ్లలో మురుగు కలిస్తే అధికారులు పరుగెత్తుకొస్తారు. ఇక్కడ ఒక మనిషి ఒక దారిలో నిలబడి తొమ్మిది మంది పిల్లల ఒంట్లోకి పోవాల్సిన మందును ఆపేశాడు. దీన్ని రోగమని ఎవరూ రాసుకోలేదు.

ఆమె ఒళ్లు మాత్రం రాసుకుంది. నిద్ర కరువైంది. ఆరు కిలోలు తగ్గింది. రెండు నెలలు బయట చేరలేదు. ఒకరోజు క్లినిక్‌లో ఎవరూ లేనప్పుడు బీపీ పట్టీ తన చేతికే చుట్టుకుని చూసుకుంది. నూట యాభై రెండు బై తొంభై ఎనిమిది. పీహెచ్‌సీ డాక్టరు భార్గవకు చెబితే ఆయన మాత్ర రాసిచ్చి, “టెన్షన్లు తగ్గించుకోండి మైథిలి గారూ,” అన్నాడు. ఏం టెన్షనో అడగలేదు. ఆయనకు తెలుసు. సిబ్బందందరికీ తెలుసు.

అప్పుడు తండ్రికి చెప్పింది.

బాలసుబ్రహ్మణ్యం, “పోలీసులూ అవీ వద్దమ్మా. ఆడపిల్ల పేరు ఒకసారి స్టేషన్లో ఎక్కితే దిగదు. వాళ్ల నాన్న పెద్దమనిషి. నేను మాట్లాడతా,” అన్నాడు.

“నాన్నా, మాటలతో ఆగేవాడైతే నా మాటకే ఆగేవాడు.”

“నీ మాట వేరు, నా మాట వేరు.”

భవానీప్రసాద్ ఆయన్ను గుమ్మందాకా ఎదురొచ్చి తీసుకెళ్లాడు. “పంతులుగారూ, మీరు రావడమేంటండీ, కబురెడితే నేనే వచ్చేవాణ్ణిగా!” అని కుర్చీ వేయించాడు. కొడుకును పిలిచి ఆయన ఎదురుగానే చెంప మీద ఒకటిచ్చాడు. ఆ దెబ్బతో బాలసుబ్రహ్మణ్యం కరిగిపోయాడు. తర్వాత భవానీప్రసాద్ తీర్పు చెప్పాడు. “కాగితాలు, కేసులు మనకెందుకండీ? వేదాద్రి పోదాం. నరసింహస్వామి ఎదురుగా కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాడు మావాడు. ఆ తర్వాత అమ్మాయి జోలికొస్తే స్వామే చూసుకుంటాడు.”

ఈ ప్రాంతంలో దొంగతనం దగ్గర్నుంచి గట్టు తగాదా దాకా ఎన్నో ఇలాగే తెగుతాయి. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాటిచ్చినవాడు తప్పడని నమ్మకం. అయితే దానికో పద్ధతుంది. నింద పడ్డవాడూ, నింద వేసినవాళ్లూ ఇద్దరూ ఉండాలి. ఇద్దరూ ఆర్పాలి.

“నేనెందుకు ఆర్పాలి?” అంది మైథిలి.

“వాడు నీ వెంటపడనని. నువ్వు స్టేషన్ గడప తొక్కనని. రెండు వైపులా ఉండాలిగా తల్లీ, లేకపోతే వాళ్లకేం భరోసా?”

“తప్పు చేసింది ఒకడైతే ఒట్టు ఇద్దరిదా నాన్నా?”

“ఒక్కసారి చెయ్యి పెడితే పీడ విరగడవుతుంది. నా కోసం.”

‘నా కోసం’ అన్నాక ఆమె సరేనంది. కార్తీకంలో ఒక మంగళవారం ఉదయం భవానీప్రసాద్ కారులోనే అందరూ వేదాద్రి వెళ్లారు. గుడివాళ్లకు ఈ సంగతేమీ తెలియదు. దర్శనం చేసుకుని వచ్చి నది మెట్ల మీద పళ్లెం పెట్టి కర్పూరం వెలిగించారు. నవీన్‌బాబు అరచేత్తో టప్పున కొట్టి ఆర్పేశాడు, ఆటలో బిళ్ల కొట్టినట్టు. మైథిలి చెయ్యి పెట్టేసరికి మంట ఇంకా పెద్దగా ఉంది. అరచేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. అతని తల్లి పుష్పవతి ఇద్దరి నుదుటా కుంకుమ పెట్టింది. ఇద్దరి మీదా అక్షింతలు వేసింది. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. బాలసుబ్రహ్మణ్యం నదికి దణ్ణం పెట్టుకుంటున్నాడు, చూడలేదు.

సాయంత్రానికల్లా ఆ ఫొటో నవీన్‌బాబు వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. వెనక నది, నుదుట కుంకుమ, తల మీద అక్షింతలు, ఇద్దరూ పక్కపక్కన. కింద ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేదు.

మర్నాడు టీకాలకొచ్చిన తల్లుల్లో ఒకామె బుగ్గలు నొక్కుకుంది. “చెప్పనే లేదేంటమ్మా! గుళ్లోనే చేసేసుకున్నారా? పప్పన్నం ఎగ్గొట్టారు!”

పదిహేడు రోజులు అతను కనపడలేదు. “చూశావా, స్వామి మహిమ,” అన్నాడు తండ్రి. పద్దెనిమిదో రోజు డొంకలో బుల్లెట్ అడ్డంగా ఉంది.

“ఒట్టేశారు మీరు,” అంది మైథిలి.

“నువ్వూ వేశావుగా, స్టేషన్‌కి పోనని. ఇంక నాకేంటి?” అని నవ్వాడు. స్కూటీ వెనక కట్టిన టీకాల డబ్బా తాడు విప్పి, పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్నాడు. “పది నిమిషాలు మాట్లాడు, ఇస్తా.”

ఆమె మాట్లాడలేదు. అతను మూత తీసి డబ్బాను తలకిందులు చేశాడు. ఐసు ముక్కలు, చిన్న చిన్న మందు సీసాలు పత్తిచేల మధ్య దుమ్ములో పడ్డాయి. ఆరోజు కాలనీలో పద్నాలుగు మంది పిల్లలున్నారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని సీసాలు ఏరుకుంది. ఎండ తగిలాక అవి పనికిరావని ఆమెకు తెలుసు. అయినా ఏరింది, ఒక్కటీ వదల్లేదు.

అక్కణ్ణించి సువార్త ఇంటికి నడిచింది. సువార్త నీళ్లిచ్చి, గుమ్మంలో కూర్చోబెట్టింది. లోపల మంచం మీద ఆమె కూతురు కెజియా పడుకుని ఉంది. పద్దెనిమిదేళ్లు, ఏడో నెల, పురిటికొచ్చింది. హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ నాలుగు. మైథిలే పరీక్ష చేసి రిజిస్టరులో ఎర్ర గుర్తు పెట్టింది.

“మేడం, దీన్ని పదిహేడేళ్లకే జి.కొండూరు ఎందుకిచ్చానో నన్నెప్పుడూ అడగలేదు మీరు,” అంది సువార్త.

మైథిలి తలెత్తింది.

“నందిగామ కాలేజీకి బస్సెక్కేది. ఈ బుల్లెట్టే వెనకాల. ఆర్నెల్లు. వాళ్ల నాన్న దగ్గరికి మేమూ పోయాం. మీకు కర్పూరమైనా వెలిగించారు. మా ఆయన్ని గేటు బయటే నిలబెట్టి, ‘మీ పిల్లని మీరు చూసుకోండిరా’ అన్నాడు. చూసుకున్నాం. చదువు మానిపించి పెళ్లి చేశాం. ఇప్పుడు మీరే వచ్చి, రక్తం లేదు సువార్తక్కా, చిన్నవయసు కానుపు సువార్తక్కా అంటారు.”

చిన్న వయసులో గర్భం, రక్తహీనత, ప్రమాదకరమైన కాన్పు. అన్నిటికీ ఆ రిజిస్టరులో గళ్లున్నాయి. ఎవడి వల్ల అని రాసే గడి లేదు. పురిటికొచ్చినప్పటి నుంచీ ఆ పిల్లకు ఐరన్ మాత్రలిస్తూ, ఆకుకూరలు తినమని చెబుతూ వచ్చింది మైథిలి. ఆ రోజు గుమ్మంలో ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“నేను స్టేషన్‌కి పోతా సువార్తక్కా. నువ్వు చూసింది చెప్తావా?”

“మిరపకోతలు సంక్రాంతయ్యాకే మేడం. మమ్మల్ని పిలవాల్సింది వాళ్లే,” అంది సువార్త. చెప్తానని గానీ, చెప్పనని గానీ అనలేదు.

ఇంట్లో బాలసుబ్రహ్మణ్యం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “కర్పూరం ఆర్పావమ్మా నువ్వు! వాడు తప్పితే వాడి పాపం. నువ్వూ తప్పుతావా?”

“వాడు తప్పితే వాడిది పాపం. నేను తప్పకపోతే పోయేది నా ప్రాణం నాన్నా. ఏది కావాలి మీకు?”

ఆయన తప్పుకోలేదు. ఆమె పెరటి దారిన వెళ్లింది.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు. అంతా విని, తన ఫోన్లో ఏదో వెతికి ఆమె వైపు తిప్పాడు. అదే ఫొటో.

“ఇది మీరేగా మేడం?”

“నేనే. అది ప్రమాణం చేయించిన రోజు.”

“గుడికి కలిసి వెళ్లారు. వాళ్ల కార్లో. మీ నాన్నగారూ ఉన్నారు. రేపు కోర్టులో వాళ్ల లాయరు ఇదే చూపిస్తాడు. నేనేం చెప్పాలి?” ఫోన్ పక్కన పెట్టి, “ఇంతకుముందు ఫిర్యాదేమైనా ఇచ్చారా? ఒక్కటైనా?”

“లేదండి. పెద్దలు వద్దన్నారు.”

“అయితే కాగితం మీద ఇదే మొదటిసారి.”

పదకొండు నెలల బాధ చట్టం ముందు ఒక్కరోజు వయసుదైపోయింది. మెసేజీలు చూపించింది. కొత్త నంబర్లన్నీ వేరేవాళ్ల పేర్ల మీద ఉన్నాయన్నాడు. డబ్బా సంగతి చెప్పింది. “అది ప్రభుత్వ ఆస్తి కదా, మీ డాక్టరు గారు రాసిస్తే గట్టి కేసే. తీసుకురండి,” అన్నాడు. మనిషి వెంటపడితే అనుమానాలు, డబ్బా పోతే గట్టి కేసు! ఆ గట్టి కాగితం కోసం భార్గవకు ఫోన్ చేసింది. ఆయన ఇబ్బందిగా దగ్గాడు. పీహెచ్‌సీ వార్డుకు ఫ్యాన్లు పెట్టించింది భవానీప్రసాదే. “భవానీప్రసాద్ గారు ముందే ఫోన్ చేశారండి. నేను ఆల్రెడీ రిపోర్టు పంపేశా, డబ్బా స్కూటీ మీంచి జారి పడిందని. మీకు మంచిదనే అలా రాశా. లేకపోతే ఎంక్వయిరీలూ అవీ…”

మైథిలి ఫోన్ బల్ల మీద పెట్టింది. ఎస్సై పెన్నుకు మూత పెట్టాడు. “ఆలోచించుకోండి మేడం. మొదటి నేరానికి స్టేషన్ బెయిలే. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. మీరే ఆ ఊళ్లో తిరగాలి.”

“రాయండి,” అంది మైథిలి. “సాయంత్రానికి ఇంటికెళ్లినా సరే. మొదటిసారంటున్నారుగా, ఆ మొదటిసారే రాయండి. రేపు ఇంకో పిల్ల వచ్చినప్పుడు, ఇంతకుముందు ఉందా అని అడిగితే, ఉంది అని చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలిగా.”

అతను రాస్తుండగా తలుపు దగ్గర నీడ పడింది. సువార్త. ఆదివారం ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. “సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలండి?” అంది. తర్వాత మైథిలి వైపు వంగి మెల్లగా, “కోతల పని చందర్లపాడు వైపు చూసుకుంటాంలే మేడం,” అంది.

ఎస్సై చెప్పినట్టే నవీన్‌బాబు ఆ సాయంత్రం బెయిలు మీద ఇంట్లో ఉన్నాడు. పదో రోజుకు మైథిలికి బదిలీ ఉత్తర్వు వచ్చింది, జిల్లాలో ఆ చివరికి. దాని మీద ‘స్వంత అభ్యర్థనపై’ అని ఉంది. ఆమె ఏ అభ్యర్థనా పెట్టలేదు. అడిగితే భార్గవ, “మీ సేఫ్టీ కోసమేనండి,” అన్నాడు. వెంటపడ్డవాడు ఎక్కడివాడక్కడే ఉన్నాడు. కదలాల్సింది ఆమె. మన దగ్గర భద్రతంటే ఇదే అర్థం. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు. కంచం పెడితే తింటాడు, అంతే.

కొత్త ఏఎన్ఎం పేరు మహతి. ఇరవై నాలుగేళ్లు. మైథిలి ఒక పూటంతా కూర్చుని రిజిస్టర్లు అప్పగించింది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన మాత్రలు దిండు కింద దాచేస్తాడో, ఎవరి కాన్పు ప్రమాదమో చెప్పింది. ఆఖర్న నవీన్‌బాబు పేరు చెప్పింది. ఏ దారి, ఏ బండి, ఎలా మొదలుపెడతాడు, అన్నీ.

మహతి కాసేపు భయపడింది. తర్వాత మెడలోని సూత్రాలు తడుముకుని, తేలిగ్గా ఊపిరి తీసింది. “నాకు పెళ్లయిందిగా అక్కా. నా జోలికి రాడులే.”

మైథిలి ఆమెను కోప్పడలేదు. తనూ ఇలాంటివి చాలా నమ్మింది. “రాకపోతే మంచిదే. వస్తే మాత్రం ముందు స్టేషన్లో కాగితం రాయించు. ఇంట్లో తర్వాత చెప్పు. ఇంకోటి, సువార్తక్కకి ఈ పద్దెనిమిదో తారీఖు డ్యూటీ వేయకు. నందిగామ కోర్టులో మేజిస్ట్రేటు ముందు ఇద్దరం వాంగ్మూలం ఇవ్వాలి. నేనూ వస్తున్నా.”

మహతి ఫోన్లో తారీఖు చూసి తల గోక్కుంది. “పద్దెనిమిది బుధవారం అక్కా. టీకాలు. సువార్తక్క లేకపోతే పిల్లల్ని ఎవరు పోగేస్తారు? డాక్టరు గారు ఊరుకోరు.”

“గురువారం వేసెయ్యి.”

“ఎందుకు మార్చావని అడిగితే?”

“మైథిలి మార్చమందని రాయి,” అంది మైథిలి. “పెన్సిలుతో కాదు. పెన్నుతో రాయి.”